ఆహారం, క్యాన్సర్ నివారణ మీద పరిశోధన: జీవితమంతా పెట్టదగిన పనేనా?

హబ్సిగూడ హాస్టల్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది కరీంనగర్ దగ్గర పల్లె. ఉస్మానియాలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ పూర్తి కావస్తోంది, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పరీక్షకు చదువుతున్నాను. ఆహారపు అలవాట్లకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద పీహెచ్‌డీ చేయాలని నా కోరిక.

మా చిన్నమ్మ నోటి క్యాన్సర్‌తో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను తోడుగా ఉన్నాను. వార్డులో పక్క మంచాలవాళ్ళూ, వాళ్ళ బంధువులూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది మాకు ఎందుకు వచ్చింది, ఏం తింటే రాకుండా ఉండేది? జవాబులు మాత్రం ఎవరికి తోచినవి వాళ్ళు చెప్పేవారు. ఒకరు పాలు మానమనేవారు, ఒకరు బెల్లం, ఇంకొకరు వంకాయ. ఆ మాటల్లో ఏది నిజమో, అది నిజమని ఎలా తెలుస్తుందో నేర్చుకోవాలన్న పట్టుదల నాకు అక్కడే పుట్టింది.

ఇంట్లో నాన్న ఒప్పుకోవడం లేదు. "ముప్పై ఏళ్ళు పరిశోధించి చివరకు కూరగాయలు తినండి, పొగ తాగకండి అని చెప్పడానికేనా? ఆ మాట మీ నాయనమ్మ ఏ చదువూ లేకుండానే చెప్పింది" అంటారు. మా విభాగంలో ఒక సారు కూడా, "ఆ రంగంలో ఇవాళ కాఫీ మంచిదంటారు, రేపు చెడ్డదంటారు. జన్యువుల వైపు వెళ్ళు, గట్టి నేల ఉంటుంది" అన్నారు.

ఈ రంగంలో నిజంగా పని చేసినవాళ్ళు ఉంటే చెప్పండి. రోజూ చేసే పని ఎలా ఉంటుంది? చివరికి ఏమైనా తేలుతుందా?

జీడిమెట్ల ఫార్మా:

చెల్లీ, నేనూ బయోకెమిస్ట్రీ చదివి మందుల కంపెనీ నాణ్యతా విభాగంలో చేరాను. ఫెలోషిప్ ఇప్పుడు తక్కువేమీ కాదు, 2023 నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 ఇస్తున్నారు. కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. పీహెచ్‌డీ అయ్యాక స్థిరమైన ఉద్యోగం దొరికేదాకా ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు మారుతూ ఉండాలి. నా స్నేహితులు ఇద్దరు ఆ దశలోనే ఉన్నారు. ఇంటి బాధ్యతలు నీ మీద ఉంటే ముందు ఆ సంగతి తేల్చుకో. లేకపోతే నీ ఇష్టానికి అడ్డు చెప్పను.

విశ్రాంత శాస్త్రవేత్త, తార్నాక:

అమ్మా, మీ నాన్నగారు అడిగింది మంచి ప్రశ్న. అక్కడి నుంచే మొదలుపెడతాను.

కూరగాయలు తినమని ఎవరైనా చెప్పవచ్చు. ఏ కూరగాయ, ఎంత, ఏ క్యాన్సర్‌కు? మేలు చేసింది ఆ కూరగాయా, లేక రోజూ కూరగాయలు కొనగలిగిన ఇంట్లో పుట్టడమా? ఆ ఇంట్లోవాళ్ళు పొగ తాగరు, సమయానికి వైద్యుడి దగ్గరకు వెళ్తారు, కంటినిండా నిద్రపోతారు. ఈ పోగుల్లో ఏ పోగు ఏదో విడదీయడమే మా వృత్తి. మీ నాయనమ్మగారి మాట నిజమే కావచ్చు, కానీ ఏ నాయనమ్మ మాట నిజమో తేల్చడానికి మరొకరు పని చేయాలి కదా.

నేను 1980ల మొదట్లో ఈ నగరంలోనే ఒక పరిశోధనాశాలలో చేరాను. అప్పట్లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు రిచర్డ్ డాల్, రిచర్డ్ పీటో 1981లో ప్రచురించిన నివేదిక గురించే అందరూ మాట్లాడుకునేవారు. అమెరికాలో క్యాన్సర్ మరణాల్లో సుమారు 30 శాతానికి పొగాకు, 35 శాతానికి ఆహారం కారణమని వాళ్ళ అంచనా. పత్రికలు 35 అన్న అంకెను పట్టుకున్నాయి. దాని పక్కనే వాళ్ళు రాసిన హద్దులు అంతకన్నా ముఖ్యమైనవి: పొగాకుకు 25 నుంచి 40, ఆహారానికి 10 నుంచి 70. ఆ 10కీ 70కీ మధ్య ఉన్న ఖాళీలోనే నా ఉద్యోగమంతా గడిచింది.

ఎందుకంత ఖాళీ అంటే, పొగాకును లెక్కపెట్టడం తేలిక. రోజుకు ఎన్ని బీడీలని అడిగితే మనిషి ఒక అంకె చెబుతాడు. తిండి సంగతి అలా కాదు. పార్శీగుట్టలో ఒక ఇంట్లో చేసిన 24 గంటల రీకాల్ గురించి చెబుతాను, రోజువారీ పని ఎలా ఉంటుందో నీకు తెలుస్తుంది.

నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఇవాళ లేచేదాకా ఏమేం తిన్నావని ఆ ఇంటి కోడలిని అడిగాను. పొద్దున చాయ్, మధ్యాహ్నం అన్నం, పప్పు, రాత్రి అన్నం, కూర అంది. అక్కడితో ఫారం మూడు పంక్తుల్లో నిండిపోయింది. చాలామంది కొత్త ఉద్యోగులు అక్కడే లేచి వచ్చేస్తారు. చాయ్‌లోకి ఏమైనా తిన్నావా అంటే రెండు ఉస్మానియా బిస్కెట్లు బయటికి వచ్చాయి. పప్పులోకి ఏం వేశావంటే గోంగూర. ఎన్ని కట్టలు, కట్ట ఎంత లావు అంటే వేళ్ళు చుట్టి చూపించింది. పోపుకు నూనె ఎంత పోస్తావో అదే గరిటెతో నీళ్ళు పోసి చూపించమన్నాను. ఆ నీళ్ళను నా కొలత గ్లాసులోకి వంపుకుని అంకె రాసుకున్నాను. వండిన పప్పు మా కొలత గిన్నెల్లో దేనికి సమానమో చూపించింది. అందులో నీకు ఎంత పడిందని అడిగేసరికి ఆమె అత్తగారి వైపు చూసి, "అందరితో పాటే" అంది.

నేను ఇంకో ప్రశ్న వేయకుండా ఫారంలో మిగతా గళ్ళు నింపుతూ కూర్చున్నాను. అత్తగారు నల్లా నీళ్ళు వచ్చాయని బిందె తీసుకుని బయటికి వెళ్ళారు. అప్పుడు ఆ అమ్మాయి చెప్పింది: పప్పు మిగలలేదు, తను ఆవకాయతో తినేసింది. అంటే నేను అప్పటిదాకా రాసుకున్న గోంగూర, పప్పు, నూనె ఆమె ఖాతాలోనివి కావు. మళ్ళీ మొదటి నుంచి రాశాను. లేచి చెప్పులు వేసుకుంటుంటే గడప దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది, "వక్కపొడి కూడా తిండి లెక్కలోకి వస్తుందా మేడం?" నేను వెళ్ళింది నోటి క్యాన్సర్ అధ్యయనానికి! నాకు అన్నింటికన్నా ముందు కావలసిన సమాచారం అదే. పొగాకు కలవని వక్క కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో స్పష్టంగా ప్రకటించింది.

ఇలాంటి ఇళ్ళు వందలు కలిస్తే ఒక అధ్యయనం. ఒక్కొక్క ఇంట్లో తప్పు రాసుకుని వస్తే ఆపై ఎంత గొప్ప గణితం చేసినా లాభం లేదు. ఇది మన దేశపు బాధ మాత్రమే అనుకోవద్దు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో షీలా బింగమ్ అనే శాస్త్రవేత్త దాదాపు జీవితమంతా ఈ కొలతకే ఇచ్చారు. మనిషి చెప్పిన మాంసకృత్తుల లెక్క నిజమో కాదో 24 గంటల మూత్రంలోని నత్రజని చెబుతుందని ఆమె పట్టుబట్టారు. ఆ మూత్రం పూర్తిగా సేకరించారా లేదా అన్నది తేల్చడానికి పాబా అనే పదార్థం బిళ్ళలు ఇచ్చి, అది ఎంత తిరిగి వచ్చిందో చూసేవారు. 2003లో ఆమె బృందం నార్ఫోక్ మహిళల సమాచారంతో ఒక పత్రం ప్రచురించింది. ఆ మహిళలే తిన్నది ఏ రోజుకు ఆ రోజు రాసిన డైరీలను బట్టి చూస్తే కొవ్వుకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం కనిపించింది. అదే మహిళలు నింపిన ప్రశ్నావళిని బట్టి చూస్తే కనిపించలేదు. మనుషులు వాళ్ళే, తిండి అదే, అడిగిన తీరు మారింది. కాఫీ ఇవాళ మంచిది, రేపు చెడ్డది అన్న మీ సారు ఫిర్యాదులో సగానికి జవాబు ఇక్కడ ఉంది. మిగతా సగం పత్రికల తొందర.

ఇక చివరికి ఏమైనా తేలుతుందా అన్నావు. తేలుతుంది, మనం కోరుకున్నదే తేలాలని లేదు. పళ్ళూ ఆకుకూరలూ బాగా తినేవారికీ, రక్తంలో బీటా కెరోటిన్ (శరీరం విటమిన్ ఏగా మార్చుకునే రంగు పదార్థం) ఎక్కువ ఉన్నవారికీ ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని ఎన్నో అధ్యయనాలు చూపాయి. అయితే బిళ్ళగా ఇస్తే సరిపోతుందేమోనని ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్ళు 29,133 మందితో పరీక్ష పెట్టారు. 1994లో ఫలితం వచ్చింది: బిళ్ళ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. అమెరికాలో పొగతాగేవారు, ఆస్బెస్టాస్ పని చేసినవారు 18 వేల మందికి పైగా ఉన్న మరో పరీక్షను 1996లో గడువుకు ముందే ఆపేశారు, అక్కడ 28 శాతం పెరిగింది. ఆ మొదటి పత్రం మా సెమినార్ గదిలో చదివినప్పుడు చాలాసేపు ఎవరూ ప్రశ్న అడగలేదు. మా రంగాన్ని నేను గౌరవించడం మొదలుపెట్టింది ఆ రోజు నుంచే. ఆశపడిన ఫలితం రాకపోయినా దాచకుండా అచ్చు వేశారు, బిళ్ళలు ఆపారు. పొగ తాగేవారు బీటా కెరోటిన్ బిళ్ళలు వాడకూడదని ప్రపంచానికి తెలిసింది అలాగే. మీ నాయనమ్మగారికి ఆ సంగతి తెలిసే దారి లేదు.

మన దగ్గరి పని కూడా చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళు చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉండేది, అడ్డపొగ అంటారు. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద మచ్చలు వచ్చి కొందరిలో క్యాన్సర్‌గా మారేవి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కమలా కృష్ణస్వామి గారి బృందం అక్కడ విటమిన్ ఏ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం కలిపి ఒక ఏడాది ఇచ్చి చూసింది. మాత్ర తీసుకున్నవారిలో 57 శాతానికి మచ్చలు పూర్తిగా తగ్గాయి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 8 శాతానికే. 1995లో అది ప్రచురితమైంది. తక్కువ తిండి తినే పల్లెవాళ్ళలో పోషకాల లోటు తీరిస్తే జరిగిన మేలు అది. బాగా తినే ఫిన్లండ్ మగవాళ్ళకు అదనంగా మోతాదు పోస్తే కీడు జరిగింది. ఈ రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఏ పోషకమైనా ఎవరికి, ఎంత లోటు మీద ఇస్తున్నామన్న ప్రశ్న వేయకుండా జవాబు చెప్పకూడదని తెలుస్తుంది.

రోజువారీ పని అడిగావు కనుక మిగతాది కూడా. పొద్దున బస్తీలో ఫారాలు, మధ్యాహ్నం రక్త నమూనాలు వేరు చేసి మైనస్ 80 డిగ్రీల పెట్టెలో పెట్టడం, సాయంత్రం అంకెలు సరిచూడటం. కరెంటు పోయిన రాత్రి జనరేటర్ అందుకుందో లేదో చూడటానికి వెళ్ళినవాళ్ళం ఉన్నాం. ఆహార పట్టికలు కూడా పరిశోధనే. 2017లో వచ్చిన భారతీయ ఆహార కూర్పు పట్టికల్లో 528 ఆహారాలు ఉన్నాయి. ఎవరో దేశమంతా తిరిగి నమూనాలు తెచ్చి, ఒక్కొక్కటీ విశ్లేషించి పెట్టారు కాబట్టే గోంగూరకు ఒక అంకె రాయగలుగుతున్నాం.

సమయం పడుతుంది, అది దాచను. క్యాన్సర్ పెరగడానికి పదేళ్ళూ ఇరవై ఏళ్ళూ పడుతుంది. నువ్వు చేర్చుకున్న మనుషుల ఫలితం నీ విద్యార్థులు చూడవచ్చు. ఈ సంగతి భరించగలను అనుకుంటేనే రా.

ఆంకాలజీ డైటీషియన్:

మేడం రాసింది చదివి ఆసుపత్రి వైపు నుంచి కొంత చెబుతాను. నేను నగరంలో ఒక క్యాన్సర్ వార్డులో పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలామంది ఫోనులో వచ్చిన సందేశం చూసి రోగికి అన్నం, పాలు, గుడ్డు ఆపేసి, గోధుమగడ్డి రసం మీద పెట్టి తీసుకొస్తారు. కీమో మధ్యలో బరువు పడిపోతుంది, చికిత్స వాయిదా పడుతుంది. క్యాన్సర్ రాకుండా తినే తిండి వేరు, వచ్చాక చికిత్స తట్టుకోవడానికి తినే తిండి వేరు. ఈ రెండూ కలిపేయడం వల్ల నా కళ్ళ ముందు మనుషులు చిక్కిపోతున్నారు. చిన్నమ్మగారి వార్డులో పాలు, బెల్లం, వంకాయ అని విన్నారు కదా, ఆ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పగలిగేవారు మాకు చాలా తక్కువమంది ఉన్నారు. పీహెచ్‌డీలో ఏ విషయం తీసుకున్నా వారానికి ఒక పూట వార్డులో కూర్చోండి. ఫలితాలు రాసేటప్పుడు అవి ఎవరి చెవిన పడతాయో గుర్తుంటుంది.

మల్కాజిగిరి వాసి:

మేడం, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా నాన్నగారు ఎప్పటి నుంచో సిగరెట్లు తాగుతారు, మానమంటే "రోజూ పసుపు పాలు తాగుతున్నాను కదా" అంటారు. పసుపు క్యాన్సర్‌ను ఆపుతుందని హైదరాబాద్‌లోనే రుజువు చేశారట, నిజమేనా?

విశ్రాంత శాస్త్రవేత్త, తార్నాక:

మల్కాజిగిరి బాబూ, నీవు విన్నదానికి మూలం ఉంది. ఎక్కడ ఆగాలో తెలియాలి, అంతే. జాతీయ పోషకాహార సంస్థలో కల్పగం పొలాస గారి బృందం దీర్ఘకాలంగా పొగతాగే 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాము పసుపు 30 రోజులు ఇచ్చి, వాళ్ళ మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు తగ్గాయని 1992లో ప్రచురించింది. మంచి పని, జాగ్రత్తగా చేసిన పని. కానీ అది 16 మంది మూత్ర పరీక్ష. వాళ్ళలో ఎవరికి క్యాన్సర్ వచ్చింది, ఎవరికి రాలేదన్నది ఆ పరీక్ష చూడలేదు, చూశామని ఆ శాస్త్రవేత్తలు అనలేదు కూడా. నాన్నగారికి నా మాటగా చెప్పు: పసుపు పాలు సంతోషంగా తాగండి, సిగరెట్టు మానండి. మానిన ప్రతి ఏడాదికీ ప్రమాదం తగ్గుతుందనడానికి ఉన్న సాక్ష్యం లక్షల మంది మీద చేసినది. ఒక్క మాట, పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థంతో చేసిన బిళ్ళలు మాత్రం వైద్యుడిని అడగకుండా కొనవద్దు. అవి పడక కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి.

హబ్సిగూడ హాస్టల్:

మేడం, మీ జవాబు నాన్నకు ఫోనులో చదివి వినిపించాను. వక్కపొడి దగ్గరికి వచ్చేసరికి ఆయన మాట్లాడలేదు. మా చిన్నమ్మకు చిన్నప్పటి నుంచి ఆ అలవాటు ఉంది, ఆసుపత్రిలో ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇంకా ఒప్పుకున్నట్టు కాదు కానీ "ముందు పరీక్ష రాయి" అన్నారు. ఈలోగా నేను ఏం నేర్చుకోవాలి? ఏ ప్రశ్న మీద పని చేయాలి?

విశ్రాంత శాస్త్రవేత్త, తార్నాక:

చిన్నమ్మగారి సంగతి విని బాధేసింది. ఆ అలవాటు ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్ళ నోరు ఒకసారి దంతవైద్యుడికి చూపించండి. తెల్ల మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, మానని పుండు ఉన్నాయేమో చూస్తారు. ఈ పని వాయిదా వేయకండి.

నేర్చుకోవాల్సిన వాటిలో మొదటిది గణాంక శాస్త్రం. బయోకెమిస్ట్రీ నీకు వచ్చు, అది వదిలిపెట్టకు. కానీ కొలతలో పొరపాటు ఫలితాన్ని ఎటు లాగుతుందో లెక్క కట్టడం వస్తేనే ఈ రంగంలో నీ కాళ్ళ మీద నువ్వు నిలబడతావు. రెండోది మాటలు. బస్తీల్లో తెలుగుతో పాటు దక్కనీ ఉర్దూలో కూడా అడగగలగాలి. హలీం గురించీ, నహారీ గురించీ ఆ వంటింటి మాటల్లోనే అడగాలి, వండేవాళ్ళను అడిగి నేర్చుకో.

ప్రశ్న అడిగావు కనుక నా మనసులో ఉన్నది చెబుతాను. మన నగరంలోని ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలో క్యాన్సర్ కేసులు నమోదు చేసే రిజిస్ట్రీల్లో ఎక్కువవాటికన్నా పైన ఉంది. ఆలస్యంగా మొదటి కాన్పు, తక్కువ మంది పిల్లలు, తక్కువ కాలం పాలివ్వడం, ముట్లు ఆగాక పెరిగే బరువు, రోజంతా కూర్చుని చేసే పని, వీటన్నిటికీ ఇతర దేశాల్లో గట్టి సాక్ష్యం ఉంది. ఇక్కడ దేని వాటా ఎంతో, తిండికి అందులో ఎంత చోటుందో మన ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి అనుసరించి చూడాలి. అయిదు గంటలకు లేచి మూడు క్యారేజీలు కట్టి, కంప్యూటర్ ముందు తొమ్మిది గంటలు కూర్చుని, రాత్రి పదికి తినే మనిషి ఏం తింటోందో సరిగ్గా రాసి పెట్టిన పుస్తకం కావాలి. నేను పనిలో ఉండగా అది మొదలుపెట్టే నిధులు రాలేదు.

పీహెచ్‌డీకి గైడును ఎంచుకునేటప్పుడు ఆయన పత్రాల సంఖ్య అడగకు. ఫారాలు నింపడానికి చివరిసారి స్వయంగా ఎప్పుడు వెళ్ళారని అడుగు.

పరీక్ష అయ్యేలోపు మీ హాస్టల్ అమ్మాయిలతోనే 24 గంటల రీకాల్ చేసి చూడు. వాళ్ళు చెప్పింది రాసుకున్నాక, మరో రోజు వాళ్ళ పళ్ళెం తూకం వేసి రెండూ పోల్చు. తేడా ఎక్కడెక్కడ వస్తుందో నోటుబుక్కులో రాసుకో. కొలత గిన్నెలూ, వంటింటి తూకం నా దగ్గర ఉన్నాయి. ఏ ఆదివారమైనా పది గంటల తర్వాత తార్నాక వచ్చి తీసుకెళ్ళవచ్చు, ముందురోజు ఇక్కడ ఒక మాట రాయి.